బోరునీళ్ళ ఊరిలో కూజా మొక్క

హనుమకొండలో మేముండే రెండో అంతస్తు వాటా తూర్పు వరండాలో ఇప్పుడు ఆరు కూజా మొక్కలు ఉన్నాయి. వాటిలో ఒకటి 2021 వానకాలంలో కొన్నది, నాలుగు దాని కొమ్మల నుంచి నేను వేళ్ళు తెప్పించినవి, ఆరోది వేరే జాతి. వీటికి ముందూ, మధ్యలోనూ చనిపోయినవి మూడు. ఆ మూడూ ఎండకే పోయాయని అప్పట్లో అనుకున్నాను. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయనే మాటను ఏటా కళ్ళారా చూసే ఊరు కనుక, నా మాట విన్నవాళ్ళెవరూ కాదనలేదు. తరవాత నేర్చుకున్నదాన్ని బట్టి చూస్తే వాటిలో వేడికి పోయింది ఒక్కటే, ఆ వేడి కూడా నేను కట్టిపెట్టిన వేడి. ఈ మొక్కల మీద మనసుపడి తెప్పించుకుని, రెండు నెలల్లో పోగొట్టుకుని, మన వాతావరణంలో ఇవి బతకవని తేల్చేసుకున్నవాళ్ళు వరంగల్‌లోనూ, కరీంనగర్‌లోనూ నాకు నలుగురైదుగురు తెలుసు. వాళ్ళ కోసమే నాకు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను ఇంటర్మీడియెట్ బైపీసీ తెలుగు మాధ్యమంలో చదివాను. వృక్షశాస్త్రం పుస్తకంలో కీటకాహార మొక్కల పాఠం దగ్గర నెపెంథిస్, అంటే ఈ కూజా మొక్క, బొమ్మ ఉండేది. ఆకు చివర సన్నని నులితీగ, ఆ తీగ చివర వేలాడే కూజా, కూజా మీద మూత. ఆ కూజా పువ్వూ కాదు, కాయా కాదు, ఆకులోని భాగమే అని మా మేడమ్ చెప్పినప్పుడు కలిగిన ఆశ్చర్యం, బ్యాంకు ఉద్యోగంలో చేరి పదిహేనేళ్ళు గడిచినా నన్ను వదల్లేదు. మన దేశంలో సహజంగా పెరిగే నెపెంథిస్ ఒక్కటే ఉంది. అది మేఘాలయలోని ఖాసీ, జైంతియా, గారో కొండల్లో ఉండే ఖాసియానా. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందిన అతి కొద్ది మొక్కల్లో అది ఒకటి. దాన్ని అడవి నుంచి తవ్వి తేవడం నేరం. అంగట్లో దొరికేవాటిలో ఎక్కువ భాగం ఫిలిప్పీన్స్, మలేసియా, ఇండోనేసియా ప్రాంతపు జాతులకూ, సంకరాలకూ నర్సరీల్లో పెంచిన పిల్లలు. కొనేటప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న ఇదే, మొక్క నర్సరీలో పుట్టిందా, అడవి నుంచి వచ్చిందా అని. సూటిగా జవాబు చెప్పని వాళ్ళ దగ్గర కొనను.

2021 ఫిబ్రవరిలో ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర రెండు మొక్కలు తెప్పించాను. ఒకటి నెపెంథిస్, రెండోది ఆకును నోరులా మూసి పురుగులను పట్టే వీనస్ ఫ్లైట్రాప్. రెండూ ఇంట్లో సులభంగా పెరుగుతాయని, వారానికి ఒకసారి నీళ్ళు పోస్తే చాలని చెప్పారు. వీనస్ ఫ్లైట్రాప్ గురించి ఎక్కువ రాయను. అది ఉష్ణమండలపు మొక్క కాదు, అమెరికాలోని ఉత్తర, దక్షిణ కరొలినా రాష్ట్రాల తీరప్రాంతపు తడి నేలల్లోది. ఏటా మూడు నాలుగు నెలలు చలిలో నిద్రపోతే తప్ప దానికి బలం రాదు. మన సంక్రాంతి చలి దానికి ఏ మూలకూ సరిపోదు. మే నెల చివరికల్లా అది నల్లబడిపోయింది. ఈ ఊళ్ళో దాన్ని కొనవద్దనే చెబుతాను.

నెపెంథిస్ సంగతి వేరు. అది నాలుగు రోజులు కొరియర్‌లో ప్రయాణం చేసి కూడా పచ్చగానే వచ్చింది. మూడు కూజాలు ఉన్నాయి, దారిలో వాటిలోని ద్రవం ఒలికిపోయింది. నేను దాన్ని మట్టి కుండీలోకి మార్చాను, ఎర్రమట్టిలో వర్మీకంపోస్టు కలిపాను, బోరు నీళ్ళు పోశాను. గులాబీకి, మల్లెకు, తులసికి మనం చేసే సేవ ఏదో అదే దీనికీ చేశాను. మూడో వారంలో ఆకుల అంచులు ఇటుక రంగుకు తిరిగాయి. నీళ్ళు చాల్లేదనుకుని ఇంకా పోశాను. కొత్త ఆకు వచ్చింది కానీ, దాని చివరి తీగ కూజా కట్టకుండానే ఎండి, కాలిన అగరువత్తిలా మిగిలింది. బలం లేదనుకుని ఇంకో పిడికెడు ఎరువు వేశాను. మే మొదటి వారంలో కాండం మొదలే మెత్తబడింది. కుండీ దులిపి చూస్తే వేళ్ళు నల్లగా, దారాల్లా ఉన్నాయి. కుళ్ళిపోయాయని అనుకున్నాను. ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా నెపెంథిస్ వేళ్ళు నల్లగానే ఉంటాయని, పట్టుకుంటే తెగిపోయేంత పెళుసుగా ఉంటాయని తరవాత తెలిసింది. వాటి కుళ్ళును రంగును బట్టి కాదు, వేలితో నొక్కితే జారిపోయే మెత్తదనాన్ని బట్టి గుర్తించాలి.

ఈ మొక్క కూజా ఎందుకు కడుతుందో ఆలోచించి ఉంటే ఆ తప్పులు చేసేదాన్ని కాదు. సహజంగా ఇవి పెరిగే చోట నేలలో నత్రజని, భాస్వరం దాదాపు ఉండవు. నాచు, ఇసుక, కుళ్ళిన ఆకులు తప్ప మట్టి అనదగింది కూడా చాలా చోట్ల ఉండదు. నేల ఇవ్వని దాన్ని పురుగుల నుంచి తీసుకోవడానికే ఆకు కూజాగా మారింది. వేళ్ళు ప్రధానంగా మొక్కను నిలబెట్టడానికి, నీళ్ళు పీల్చడానికి అలవాటు పడ్డాయి. లవణాలు పేరుకున్న నీరూ, ఎరువు కలిసిన మట్టీ వాటికి విషంతో సమానం. మన కింద ఉన్నది గ్రానైటు రాయి. దాని పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచి, లవణాలు కరిగించుకుని పైకి వచ్చే బోరు నీళ్ళను మనుషులమే వడపోసుకుని తాగుతున్నాం.

జూన్‌లో కొన్ని వందల రూపాయలు పెట్టి టీడీఎస్ మీటరు, అంటే నీటిలో కరిగిన లవణాలు ఎన్ని ఉన్నాయో అంకెలో చూపే పరికరం, కొన్నాను. ఈ ఐదేళ్ళలో నేను పెట్టిన ఖర్చుల్లో ఇంత పనికొచ్చింది మరొకటి లేదు. మా బోరు నీళ్ళలో ముంచితే 840 చూపించింది. వంటింటి ఆర్వో యంత్రం నీళ్ళు 90 చూపించాయి. రుచి కోసం ఆ యంత్రం కొంత మామూలు నీటిని మళ్ళీ కలుపుతుందని, ఆ మరను తిప్పి తగ్గించవచ్చని మెకానిక్ చెప్పాడు. తగ్గించాక 35కు దిగింది. కింది వాటా వాళ్ళ ఏసీ గొట్టం నుంచి కారే నీళ్ళు 18. వాన నీళ్ళు 12. ఈ మొక్కలకు 50 లోపు ఉన్న నీళ్ళు వాడమని పెంచేవాళ్ళందరూ చెబుతారు. నేను పదిహేడు రెట్లు ఎక్కువ లవణాలున్న నీళ్ళు పోసి, పైన ఎరువు వేసి, ఎండను తిట్టుకున్నాను.

అప్పటి నుంచి మా ఇంట్లో వాన నీళ్ళ లెక్క మొదలైంది. ఆరు కుండీలకు కలిపి రోజుకు సగటున ఒక లీటరు పడుతుంది. వానలు వెనక్కి తగ్గే నవంబరు నుంచి మళ్ళీ జూన్ దాకా 240 రోజులు అనుకుంటే 240 లీటర్లు కావాలి. వంద చదరపు అడుగుల రేకు మీద ఒక సెంటీమీటరు వాన కురిస్తే దాదాపు 90 లీటర్లు వస్తాయి. అంటే శ్రావణ మాసంలో మూడు మంచి వానలు పట్టుకుంటే ఏడాదంతటికీ సరిపోతుంది. చెరువుల గొలుసులు కట్టి వానను ఏడాది పొడవునా నిలిపిన కాకతీయుల ఊళ్ళో పుట్టి కూడా, ఒక సెంటీమీటరు వాన విలువ ఎంతో నేను లెక్క కట్టింది అప్పుడే. మెట్ల మీది రేకు అంచున సగానికి కోసిన ప్లాస్టిక్ గొట్టం బిగించి, నూరు లీటర్ల నీలం డ్రమ్ములు మూడు పెట్టించాం. మొదటి పావుగంట నీళ్ళలో పావురాల రెట్ట, దుమ్ము ఉంటాయి కనుక వాటిని వదిలేస్తాను. తరవాతి నీళ్ళను పాత ధోవతి గుడ్డలో వడగట్టి, దోమలు దూరకుండా మూత మీద కూడా గుడ్డ కట్టి, వెలుతురు తగలని చోట ఉంచుతాను. వెలుతురు తగిలితే నెల తిరిగేలోపు పాచి పడుతుంది.

మా అత్తమ్మకు మొదట్లో ఇదంతా విడ్డూరంగా ఉండేది. "ఏంది బిడ్డా, గింతంత చెట్టుకు గిన్ని డ్రమ్ములా? బోరు నీళ్ళకేమైంది?" అని అడిగింది. నేను రెండు స్టీలు పళ్ళేలలో ఒకదానిలో బోరు నీళ్ళు, ఇంకోదానిలో వాన నీళ్ళు పోసి డాబా మీద ఎండబెట్టాను. సాయంత్రానికి ఒక పళ్ళెం తుడిచినట్టు ఉంది, ఇంకోదానిలో ముగ్గు చల్లినట్టు తెల్లటి పొర మిగిలింది. ఆమె వేలితో ఆ పొరను గీరి, నాలుక మీద పెట్టుకుని చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళింది. ఆ మరుసటి వారం మా ఆడబిడ్డ కొడుకు చేతులు కడుక్కోవడానికి డ్రమ్ము మూత తీయబోతే, "అది ముట్టకు బిడ్డా, అవి చెట్లు తాగే నీళ్ళు" అని ఆమే ఆపింది. ఇప్పటికీ ఆ డ్రమ్ముల కాపలా ఆమెదే.

జూలైలో మరో చోటు నుంచి రెండు నెపెంథిస్ మొక్కలు తెప్పించాను. ఈసారి పేరు అడిగి తీసుకున్నాను. రెండూ వెంట్రాటా అనే సంకరం. ఫిలిప్పీన్స్‌లోని వెంట్రికోసా, అలాటా వర్గపు మొక్కల కలయిక అది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు దీనితోనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. నెపెంథిస్‌లలో కొండ ఎత్తుల మీద పెరిగేవి, లోతట్టు ప్రాంతాల్లో పెరిగేవి అని రెండు తెగలు ఉన్నాయి. బోర్నియోలోని కినబాలు పర్వతం మీద 1500 మీటర్లకు పైన పెరిగే రాజా జాతి కూజాలు చెంబుల కన్నా పెద్దవి. వాటి ఫొటోలు చూసినప్పుడల్లా నాకూ ఆశ పుడుతుంది. కానీ అలాంటి మొక్కకు రాత్రి వేడి 15 డిగ్రీల చుట్టుపక్కలకు దిగాలి. మే నెలలో మా పడకగదిలో తెల్లవారుజామున కూడా 30 ఉంటుంది. దానికోసం రాత్రంతా ఏసీ నడిపే స్తోమత నాకు లేదు. ఆ ఆశను ఫొటోల దగ్గరే ఆపుకున్నాను. వెంట్రాటా రెండు వాతావరణాల్నీ ఓర్చుకుంటుంది. మిరాబిలిస్ అనే లోతట్టు జాతి మన వేడికి మరీ సరిపోతుంది. నా ఆరో మొక్క అదే.

మట్టికి బదులు ఈసారి తేమను పట్టి ఉంచే స్ఫాగ్నం నాచు, గాలి ఆడనిచ్చే పెర్లైటు అనే తేలికైన తెల్లటి గుళికలు, కొబ్బరిపీచు ముక్కలు వాడాను. నాచు విదేశాల నుంచి వచ్చేది, ఖరీదైనది. కొబ్బరిపీచు చవక. అయితే అందులో ఉప్పు ఎక్కువగా ఉండవచ్చని చదివి, ఒక బకెట్టులో ఆర్వో నీళ్ళు పోసి నానబెట్టి మరుసటి రోజు మీటరు ముంచాను. 910 చూపించింది. ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ నానబెడితే 380, మూడోసారి 150, నాలుగోసారి 70, ఐదోసారి 45. ఆ ఐదు రోజుల కడుగుడు లేకుండా కుండీలో వేసి ఉంటే, వాన నీళ్ళు పోసినా బోరు నీళ్ళు పోసినట్టే అయ్యేది. మట్టి కుండీ కూడా మానేశాను. అది తన ఒంట్లోని లవణాలను వదులుతుంది, నీటిని త్వరగా ఆర్చేస్తుంది. అడుగున చాలా రంధ్రాలున్న ప్లాస్టిక్ కుండీ దీనికి మేలు. నీళ్ళు పైనుంచి పోయాలి, కిందికి కారిపోవాలి, పళ్ళెంలో నిలవ ఉండకూడదు. నాచును వేలితో నొక్కితే చెమ్మ తగలాలి కానీ నీరు ఊరకూడదు.

ఆగస్టులో ఒక ఆకు చివరి తీగ మొన పెసరగింజంత ఉబ్బింది. దాని మీద ఇటుక రంగు నూగు ఉంది. వారం తరవాత అది చిక్కుడు గింజంత అయ్యి, అప్పటిదాకా నేల వైపు చూస్తున్నది కాస్తా కొక్కెంలా వంగి పైకి తిరిగింది. తరవాత రెండు వారాలు దాన్ని చూడడమే నా పొద్దుటి పని. చదునుగా ఉన్న తిత్తి అడుగు నుంచి మెల్లగా ఉబ్బుకుంటూ వచ్చింది. ముందువైపు రెండు సన్నని రెక్కలు ఏర్పడ్డాయి. మూత ఇంకా అతుక్కునే ఉంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తే లోపల మూడో వంతు దాకా ద్రవం కనిపించింది. అంటే అది వాన నీరు కాదు, మొక్క తానే ఊరించుకున్నది. సెప్టెంబరులో ఒక ఆదివారం ఉదయం మూత ఒక పక్క చీలి, సాయంత్రానికి పూర్తిగా లేచింది. నోటి అంచు మొదట సన్నని ఆకుపచ్చ గీతలా ఉండి, ఆ తరవాతి నాలుగు రోజుల్లో బయటికి చుట్టుకుని, సన్నని గీట్లు తేలి, కుంకుమ రంగుకు మారింది. తీగ మొన ఉబ్బిన నాటి నుంచి మూత తెరుచుకునే నాటికి 38 రోజులు పట్టింది.

ఆ అంచు దగ్గర నేను చూసిన ఒక విషయం చెప్పాలి. మూత అడుగున, అంచు కింద తేనె ఊరుతుంది, దానికోసం చీమలు వస్తాయి. అక్టోబరు మధ్యాహ్నాల్లో గాలి పొడిగా ఉన్నప్పుడు అవి అంచు మీద తిరిగి, తిన్నంత తిని వెళ్ళిపోయేవి. ఒక్కటి కూడా పడేది కాదు. నా మొక్కకు వేటాడడం చేతకావడం లేదేమోనని దిగులుపడ్డాను. ఒక రోజు తెల్లవారుజామున మంచు పట్టిన అంచును టార్చి వేసి చూశాను. గీట్ల మీద నీరు సన్నని పొరలా పరుచుకుని మెరుస్తోంది. ఒక చీమ ఆ పొర మీద కాలు పెట్టింది, ముందరి కాళ్ళు రెండూ ఒకేసారి లోపలికి జారాయి, వెనక కాళ్ళతో ఒక్క క్షణం పట్టుకుని తరవాత అదీ జారిపోయింది. దాని వెంట వచ్చిన రెండోది, మూడోది కూడా అలాగే పడ్డాయి. తడి అంచు మీద పురుగుల కాళ్ళకు పట్టు దొరకదని, కూజా వేట ప్రధానంగా ఆ తడి మీదే ఆధారపడుతుందని 2004లో ప్రచురితమైన ఒక పరిశోధన నిరూపించిందని తరవాత చదివాను. మధ్యాహ్నం తిని క్షేమంగా వెళ్ళిన చీమలే రాత్రికి తమవాళ్ళను వెంటబెట్టుకుని వస్తాయి. అందుకే ఆహారం విషయంలో నేను జోక్యం చేసుకోను.

జోక్యం చేసుకుంటే ఏమవుతుందో కూడా ఒకసారి చూశాను. దసరా సెలవుల్లో వచ్చిన పిల్లలు మొక్క ఆకలితో ఉందని ముచ్చటపడి, కూర కోసం కోసిన చికెన్‌లోంచి ఒక ముక్కను కూజాలో వేశారు. మూడో రోజుకు వాసన వచ్చింది, ఐదో రోజుకు కూజా నడుము దగ్గర గోధుమ రంగు మచ్చ లేచింది, పది రోజుల్లో మొత్తం కూజా నల్లబడి వాడిపోయింది. చీమలను, చిన్న ఈగలను అరిగించుకునే ఆమ్లమూ ఎంజైములూ అంత మాంసాన్ని అరిగించలేవు. అరగనిది కుళ్ళుతుంది, ఆ కుళ్ళు కూజాను తింటుంది. పిల్లలను కోప్పడలేదు. కూర్చోబెట్టి కూజా లోపల ఏముందో చూపించాను.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పెద్దగా చెప్పుకోవలసిందేమీ ఉండదు. చలికి పెరుగుదల మందగిస్తుంది, నీళ్ళు తక్కువ పడతాయి, ఉదయపు ఎండ రెండు మూడు గంటలు తగిలితే ఆకులకు చక్కని ఎరుపు వస్తుంది. కష్టమంతా మార్చి రెండో పక్షంతో మొదలవుతుంది. గాలిలో తేమను కొలిచే చిన్న పరికరం మా వరండాలో సెప్టెంబరులో 80 శాతం చూపేది, ఏప్రిల్ మధ్యాహ్నం 18 చూపించింది. కూజా కట్టాలంటే తేమ కనీసం 50 ఉండాలని నా అనుభవం. అంతకన్నా తగ్గితే మొక్క చావదు, ఆకులు వేస్తూనే ఉంటుంది, కానీ తీగ మొనలు ఒక్కొక్కటే ఎండిపోతాయి.

2022 ఏప్రిల్‌లో తేమ కోసం ఒక పాత చేపల తొట్టి తెచ్చి, అడుగున తడి నాచు పరిచి, మొక్క ఒకదాన్ని అందులో పెట్టి, పైన అద్దం మూసి, కిటికీ పక్కన ఉంచి ఆఫీసుకు వెళ్ళాను. ఆ కిటికీలోకి తొమ్మిదిన్నరకు ఎండ వచ్చి పదిన్నరకు పోతుంది. గంట సేపే కదా అనుకున్నాను. సాయంత్రం వచ్చేసరికి అద్దం లోపలంతా చెమట, ఆకులు ఉడికించిన పాలకూరలా గోడకు అంటుకుని ఉన్నాయి. చనిపోయిన మూడోది అదే. మరుసటి రోజు తొట్టిలో థర్మామీటరు మాత్రమే పెట్టి చూస్తే ఆ గంటలో 52 డిగ్రీలకు చేరింది. మూసిన గాజు తొట్టికి నేరుగా ఎండ తగలకూడదు. తొట్టి వాడితే ఎల్ఈడీ దీపం కిందే వాడాలి, మూత ఒక పక్క రెండు వేళ్ళు తెరిచి ఉంచాలి.

మిగిలిన మొక్కను కాపాడింది మనందరి ఇళ్ళలో ఉండే కూలర్. ఎండాకాలం ఇంట్లో కూలర్ పెట్టే గదిలో తేమ ఎంత ఉంటుందో అప్పటిదాకా కొలిచి చూడలేదు. బయట 44 డిగ్రీలు, 18 శాతం తేమ ఉన్నప్పుడు, ఆ గది మూలలో 31 డిగ్రీలు, 60 శాతం తేమ ఉంది. అంతకన్నా ఏం కావాలని కుండీని తెచ్చి కూలర్‌కు ఎదురుగానే పెట్టాను. రెండు వారాల తరవాత ఆకుల మీద సన్నని తెల్ల చుక్కలు కనిపించాయి. తెగులేమోనని భయపడి తడి దూదితో తుడిస్తే, చుక్క గరుకుగా రాలింది. అది బోరు నీళ్ళ సున్నం. కూలర్ గడ్డిలోంచి గాలితో పాటు ఎగిరే సన్నని తుంపరలు ఆకు మీద ఎండి మిగిల్చినవి. అప్పటి నుంచి కుండీలను గాలి దారికి పక్కగా, ఆరడుగుల దూరంలో, గది మూలన బల్ల మీద పెడుతున్నాను. పైన 12 గంటలు వెలిగే ఎల్ఈడీ దీపం, దానికి టైమరు. వారానికొకసారి ఆకులను వాన నీళ్ళతో తుడుస్తాను. కరెంటు పోయినప్పుడు బల్ల కింద తడిపిన గోనెసంచి పరుస్తాను. ఆ ఏర్పాటుతో 2022 మే నెలలో, బయట వడగాడ్పులు వీస్తుండగా, మా ఇంట్లో ఒక కూజా మూత తెరిచింది.

ఎండాకాలంలో ఇంకొక శత్రువు ఎర్రనల్లి. పొడి గాలికి ఆకు అడుగున చేరి, ఆకును ఇసుక చల్లినట్టు పాలిపోయేలా చేస్తుంది. దానికి మందు కన్నా తేమే మేలు. ఆకు అడుగున వాన నీళ్ళు గట్టిగా పిచికారీ చేస్తే తగ్గుతుంది. పిండినల్లిని సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన చెవిపుల్లతో ఒక్కొక్కటిగా తీస్తాను. వేపనూనె చాలామంది చెబుతారు. నేను ఒకసారి వాడితే లేత తీగలు మాడాయి కనుక మళ్ళీ ముట్టలేదు. కోతుల సంగతి మా ఊరివాళ్ళకు చెప్పనక్కర్లేదు. 2023లో ఒక కోతి కూజాలు రెండింటిని తెంపి, లోపల ఉన్నది తాగి, గోడ మీద పెట్టి పోయింది. వరండాకు జాలీ బిగించే దాకా నిద్ర పట్టలేదు.

ఆ ఏడాది వానకాలంలో తల్లి మొక్క మూడడుగులు దాటి తీగ సాగడం మొదలుపెట్టింది. రెండేసి కణుపులు ఉండేలా కాండాన్ని ఆరు ముక్కలు కోసి, ఆకులను సగానికి కత్తిరించి, నాచులో గుచ్చి, పైన పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ డబ్బా బోర్లించి నీడలో ఉంచాను. రెండు ముక్కలు నల్లబడిపోయాయి. నాలుగు ముక్కలకు రెండున్నర నెలల్లో వేళ్ళు వచ్చాయి. మోడుగా మిగిలిన తల్లి మొక్క కూడా కింది కణుపుల నుంచి రెండు కొత్త చిగుళ్ళు వేసింది. కోతకు శ్రావణ, భాద్రపదాలే సరైన కాలం. అప్పుడు గాలిలోనే తేమ ఉంటుంది కనుక మన శ్రమ సగం తగ్గుతుంది.

ఈ సంవత్సరం డ్రమ్ముల్లో నీళ్ళు మే 28కే అడుగంటాయి. వేసవి ముందుగా ముదిరి రోజుకు లీటరున్నర దాకా పట్టింది. పది రోజులు ఆర్వో నీళ్ళతో, కింది వాటా వాళ్ళు బకెట్టు పట్టి ఉంచిన ఏసీ నీళ్ళతో నెట్టుకొచ్చాం. మృగశిర ప్రవేశించిన రెండో రోజు సాయంత్రం భద్రకాళి చెరువు వైపు నుంచి మబ్బు లేచి, ముందు దుమ్ము, తరవాత పెద్ద చినుకులు మొదలయ్యాయి. నేను బ్యాంకు నుంచి ఇంటికి చేరేసరికి అత్తమ్మ కొంగు నడుముకు దోపుకుని మెట్ల మీద నిలబడి ఉంది. గొట్టం మూతి డ్రమ్ము బయటికి తిప్పి పెట్టి, గోడ గడియారం వంక చూస్తూ, "ఇంక ఐదు నిమిషాలు పోనియ్ బిడ్డా, రేకు ఇంక కడుగలే" అంది. ఐదు నిమిషాల తరవాత గొట్టం లోపలికి తిప్పాం. మొదటి చెంబు నీళ్ళలో మీటరు ముంచితే 14 చూపించింది.